నా బోడితల ఎవరి మందుకీ ప్రకటన కాదు

గజపతినగరంలో నా గురించి ఒక కథ చెప్పుకుంటారు. ఆసుపత్రివాళ్లు చేతులెత్తేస్తే ఆకు కషాయం తాగి బతికానట. ఆ కషాయం చుక్కైనా నా నోట్లో పడలేదు. నన్ను బతికించింది ఆపరేషను, కీమో, రేడియేషను, వాటితోపాటు కొంత నా మొండితనం. నమ్మనివాళ్లుంటే రండి, ఫైలు చూపిస్తాను.

మాది బట్టల కొట్టు. 2015 వేసవిలో ఒక పెళ్లివారికి పై అరలోంచి చీరల కట్ట దించుతుంటే దాని అంచు ఎడమ రొమ్ముకి తగిలింది. తడుముకుంటే లోపల చింతగింజంత గట్టిగా ఏదో ఉంది. నొప్పి లేదు. నొప్పి లేకపోతే భయం లేదన్నారు ఇంట్లో అందరూ. విశాఖపట్నంలో డాక్టరమ్మ మాత్రం, "నొప్పి లేదు కాబట్టే మామోగ్రామ్ ఇవాళే చేయించండి" అంది. తర్వాత బయాప్సీ. రిపోర్టు చేతికొచ్చాక, "స్టేజ్ టూ. ట్రీట్‌మెంట్ మధ్యలో మానకపోతే బాగవుతారు" అంది.

సర్జరీలో రొమ్ము తీసేశారు. రెండో కీమోకే జుట్టు కుచ్చులు కుచ్చులుగా దువ్వెనకి వచ్చేసింది. నోటినిండా పుళ్లు, మజ్జిగన్నం కూడా మంటే. మూడో కీమోకి ముందు రక్తంలో కౌంట్స్ పడిపోయి, జ్వరంతో మళ్లీ అడ్మిట్ అయ్యాను. "కౌంట్స్ పెరిగేదాకా కీమో వాయిదా" అన్నారు. అన్నిటికంటే ఆ వాయిదాకే ఎక్కువ భయపడ్డాను.

మా ఇళ్లలో ఆసుపత్రి నుంచి వచ్చిన మనిషిని గుమ్మంలో నిలబెట్టి, ఎర్రనీళ్లతో దిష్టి తీయనిదే లోపలికి రానివ్వరు. ఆ జ్వరం తగ్గి నేను ఇంటికొచ్చిన రోజు పళ్లెం పట్టుకున్నది మా ఆడపడుచు కామేశ్వరి వదిన. "తలకి గుడ్డ ఉంటే దిష్టి దిగదే, తియ్యి" అంది. తీశాను. ముందు ఫోనెత్తి ఫొటో తీసి, తర్వాత దిష్టి తీసింది. "మా మరదలి కోసం అందరూ దేవుడికి దణ్ణం పెట్టండి" అని ఆ ఫొటో ఫేస్‌బుక్‌లో పెట్టింది. నన్ను అడగలేదు. ట్రీట్‌మెంట్ అయ్యాక, పొట్టి జుట్టుతో నేను మళ్లీ గల్లాపెట్టె దగ్గర కూర్చున్నప్పుడు వెనకాల కొట్టు బోర్డు కనిపించేలా ఇంకోటి తీసి, అదీ పెట్టింది.

2017లో పొందూరు నుంచి నూలు వడికే ఒకావిడ ఆ బోర్డు పేరు పట్టుకుని వెతుక్కుంటూ మా కొట్టుకి వచ్చింది. ఫోను చూపించింది. నా ఫొటోలు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. కింద ఒక మూలికల మందు వ్యాపారి పేరు, "మా కషాయంతో కేన్సర్ మాయం" అన్న మాట.

"ఈ ఫొటోలో ఉన్నది నువ్వేనా అమ్మా? వచ్చే వారం నాకు కీమో మొదలెడతామన్నారు. మానేసి ఇదే తాగుదామని ఉన్నాది. నిన్ను ఓపాలి కళ్లారా సూసి ఎల్దామని వచ్చినాను."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ మీద కాదు. లోపలి గదిలోకి తీసుకెళ్లి, జాకెట్టు విప్పి కోత చూపించాను. కీమో ఎక్కించిన చేతిమీద నల్లబడిన నరాలు చూపించాను. "కషాయం తాగితే ఇలా అవుతాదేటి? ఎల్లి కీమో ఏయించుకో" అన్నాను. తలూపింది. నమ్మిందో లేదో తెలియలేదు. ఆ ఫొటో ఉన్నన్నాళ్లూ ఇంకెంతమంది మానేస్తారోనని నాకు అన్నం సయించలేదు.

స్టేషన్‌కి వెళ్తే ఎస్సై ఫొటోలు అటూ ఇటూ తిప్పి చూశాడు. "బట్టలు నిండుగానే ఉన్నాయి కదమ్మా. ఇందులో అసభ్యం ఏటుంది?"

"అసభ్యం లేదు నాయనా, అబద్ధం ఉంది. అది రాసుకో."

రాసుకోలేదు. విజయనగరంలో సునంద అనే లాయరు దగ్గరికి వెళ్లాను. చిన్నపిల్లే, బుర్ర మాత్రం పదును.

"ఎస్సై గారన్నది సగం నిజమేనండి. అనుమతి లేని ఫొటోలకి ఐటీ యాక్ట్‌లో సెక్షన్ ఉంది గానీ, అది ఒంట్లో మరుగున ఉంచుకునే భాగాలకే. తలకి వర్తించదు."

"ఈ తల నేను గుడ్డ కట్టి దాచుకున్నదే కదమ్మా!"

"మీరు దాచుకున్నా చట్టం దాచలేదండి. కానీ కేన్సర్ తగ్గిస్తామని మందుకి ప్రకటన ఇవ్వడమే నేరం, మ్యాజిక్ రెమెడీస్ యాక్ట్ కింద. పోలీసులకి ఆ పేరుతో రాసిద్దాం. మీ ముఖం వ్యాపారానికి వాడుకున్నందుకు నోటీసిద్దాం. వినకపోతే సివిల్ కోర్టుకి వెళ్లి ఆపించమని, పరిహారం ఇప్పించమని అడుగుదాం. ఈలోపు తొందరగా ఫొటో తీయించాలంటే ఫేస్‌బుక్‌కి కాపీరైట్ ఫిర్యాదు పెట్టాలి. అది ఫొటో యజమాని పెట్టాలి."

"నేనేగా యజమానిని?"

"కాదండి. ఫొటో తీసినవాళ్లు."

తల నాది, జబ్బు నాది, ఫొటో మా వదినదట! ఇంటికొచ్చి వదినని కూర్చోబెట్టాను.

"కేసులూ గీసులూ నాకొద్దే ఇజయా. నీకన్నా ముందు మన ఇంటి ఆడోలు ఎప్పుడైనా టేసన్ మెట్లెక్కినారా?"

"నా బోడిగుండు ఊరంతటికీ సూపించినప్పుడు ఏ ఆడోలిని అడిగినావు వదినా?"

"దేవుడికి మొక్కమనే కదే పెట్టినాను!"

"దేవుడు సూసినాడో లేదో గానీ కషాయం ఓడు సూసినాడు. పొందూరావిడ కీమో మానేస్తే ఆ పాపం నీకా, నాకా?"

వదిన ఏడ్చింది. కళ్లు తుడుచుకుని, "ఎక్కడ నొక్కాలో సెప్పు" అంది. ఆ సాయంత్రమే ఫిర్యాదు పెట్టాం. సునంద పంపిన నోటీసు అందగానే వ్యాపారి ఫోను చేశాడు.

"మీరు బతికారు కదమ్మా, సంతోషించండి. మీ ఫొటో చూసి నలుగురికి ధైర్యం వస్తాది."

"ధైర్యం అమ్ముకోవాలంటే నీ గుండు గీయించుకుని ఫొటో పెట్టుకో" అని పెట్టేశాను.

వారం తిరక్కుండా ఫొటోలు పోయాయి. ఈసారి చట్టం పేరు రాసిన కాగితం పట్టుకుని వదినతో సహా స్టేషన్ మెట్లెక్కాను. ఎస్సై కుర్చీ వేయించాడు, కేసు కట్టాడు. మా ఇంటి ఆడవాళ్లలో మొదటిదాన్ని నేనే. రెండోది, నా వెనకే పళ్లు కొరుక్కుంటూ ఎక్కిన మా వదిన. ఇద్దరం తలెత్తుకునే దిగాం. పొందూరావిడ కీమో అన్నీ పూర్తి చేసుకుంది. జుట్టు మొలుస్తోందని ఫోను చేసి చెప్పింది.

ఇప్పుడు రోజూ ఒక టామోక్సిఫెన్ మాత్ర, ఆర్నెల్లకోసారి చెకప్. ఎడమ చెయ్యి వాస్తుంది, బరువులెత్తను. నోటికి మాత్రం ఏ డాక్టరూ విశ్రాంతి చెప్పలేదు.

మీ ఫొటో ఎవరైనా ఇలా వాడుకుంటే ఫిర్యాదు చేయడానికి ముందే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. లింకు, తేదీ, పెట్టినవాడి పేరు కనిపించాలి. ఫొటో తీసేశాక సాక్ష్యం కూడా పోతుంది, అప్పుడు కోర్టులో చూపించడానికి ఏమీ మిగలదు. నావి సునంద ముందే తీయించింది కాబట్టే కేసు ఇంకా నిలబడి ఉంది.

ఒక్కటి మాత్రం సునంద కూడా చెప్పలేకపోయింది. ఫొటో తీసేశారు, సరే. అది ఉన్నన్నాళ్లూ చూసి, మా కొట్టుదాకా రాకుండా నేరుగా కషాయం కొనుక్కుని కీమో మానేసినవాళ్లకి అది అబద్ధమని చెప్పాల్సింది ఎవరు?