ఊదుగొట్టంతో తిప్పిన పేజీలు

మా మేనత్త వంటింట్లో ఊదుగొట్టానికి రెండు పనులు. ఒకటి పొయ్యి ఊదడం, రెండోది పేజీ తిప్పడం.

డెబ్బైల్లో సంగతి. అమలాపురంలో ఆవిడ అత్తవారింట కోడలు పుస్తకం పట్టుకోకూడదు. పాత వారపత్రికలు పొయ్యి రాజెయ్యడానికే వంటింట్లోకి వచ్చేవి. ఆవిడ వాటిలోంచి సీరియల్ కాగితాలు చింపి, పైఅంచుకి మాత్రం అన్నం మెతుకులు రాసి, పొయ్యి పక్క గోడకి వరసగా అంటించేది. ముందువైపు చదివేశాక ఊదుగొట్టంతో కాగితం పైకెత్తి వెనకవైపు చదివేది.

ఒకరోజు నేను అక్కడుండగానే వాళ్ల అత్తగారు చూసేశారు.

"ఏవిటే, మళ్లీ పుస్తకవా?"

"పుస్తకం ఎక్కడ పట్టుకున్నానండీ? గోడకేసి చూస్తున్నాను."

అత్తగారు ఓ కాగితం పీకి పొయ్యిలో పడేశారు. మా మేనత్త మండుతున్న కొబ్బరి డొక్కల మీద చెంబుడు నీళ్లు గుమ్మరించి, పీట వాల్చుకుని కూర్చుంది.

"మీరు తగలెట్టిన కాయితంలో ఏం జరిగిందో తెలిసేదాకా ఈ పొయ్యి వెలగదండి."

మధ్యాహ్నం రెండు దాటింది. ఇంటిల్లిపాదీ ఆకలితో నకనకలాడుతున్నారు. చివరికి అత్తగారే పక్కింటికి వెళ్లి ఆ సంచిక అడిగి తెచ్చారు.

మా మేనత్త చెయ్యి చాపలేదు. "పుస్తకం పట్టుకోవచ్చాండీ?" అని అడిగింది.

"పట్టుకుని ఏడు!" అన్నాకే అందుకుంది.