మా ఊరు క్వాలిఫై అయిన ఎండాకాలం

ఆ టోర్నమెంటు గురించి ఎవరైనా అడిగితే నాకు ముందు చిరాకు వస్తుంది. వాళ్ళకి కావలసింది ఆట కాదు. "నీళ్ళలోంచి మీ ఊరు బయటపడితే నీకేమనిపించింది?" అంటారు, నేను నోరు తెరవకముందే కళ్ళు తుడుచుకోవడానికి సిద్ధమై. ఏమీ అనిపించలేదు. ఉన్నమాట అదే. దానికి వాళ్ళ ముఖాలు ఎందుకు మాడిపోతాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

సోమశిల డ్యామ్‌లో నీళ్ళు నిలబెట్టాక మా ఊరు మునిగింది. మమ్మల్ని ఆత్మకూరు దగ్గర కాలనీలో పెట్టారు. అమ్మ అంతకు ముందే పోయింది. ఊరి పక్క మిట్ట మీద చర్చివాళ్ళ సమాధుల్లో ఆమెను ఉంచాము. ఊరు వదిలిన రోజున పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే ఆడా మగా అందరూ శోకాలు పెట్టారు. నేను కోళ్ళ గంప మోసుకుంటూ ట్రాక్టరెక్కాను. గంపలో కోళ్ళు కొట్టుకుంటుంటే వాటిని తిట్టాను కూడా. మా అత్త చూసి, "ఈ మొద్దు నాయాలికి ఏదీ పట్టదు" అంది. ఆ రోజు నుంచి కాలనీలో నా పేరు మొద్దోడే. నాకేం బాధ లేదు. పిలిస్తే పలికేవాణ్ణి.

తొంభైల నడిమికి వచ్చేసరికి ఆత్మకూరు టీ అంగళ్ళలోకి కేబుల్ టీవీ వచ్చింది. మా అన్న ట్రాక్టరు డ్రైవరు. ట్రిప్పు దించి టీ తాగడానికి ఆగిన అంగట్లో ఒకనాడు విచిత్రం కనబడింది. బ్రెజిల్‌లో సముద్రం ఒడ్డున, ఇసకలో, ఉత్త కాళ్ళతో ఫుట్‌బాల్! అది పల్లె ఆట కాదు, దేశాలకు దేశాలు వచ్చి ఆడే ప్రపంచ పోటీ. అన్న టీ చల్లారబెట్టుకుని చూశాడు. ఇంటికి వచ్చి నన్నూ లాక్కుపోయాడు.

"ఈ టీములు ఎట్ట వచ్చినాయి? యాడన్నా ఆడి గెలిచి వచ్చినాయా?" అని అడిగాడు అన్న.

అంగట్లో పెద్ద వాదన లేచింది. పక్కన మైక్‌సెట్ షాపు నడిపే ఆయన ఇంగ్లీషు పేపరు చదువుతాడు. చివరికి ఆయనే తేల్చాడు. "ఇది కొత్త ఆటబ్బా. దీనికింకా పద్ధతిగా సెలెక్షన్లు గట్రా రాలేదు. ఎక్కువ మంది పిలిస్తే వచ్చినోళ్ళే."

"పిలిస్తే చాలా?" అన్నాడు అన్న. ఆ మాట అన్న తీరు చూస్తే నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు.

ఆ మైక్‌సెట్ ఆయన ఊరుకునే రకం కాదు. ఎండాకాలం పెన్న ఎండిపోయి కనుచూపు మేర ఇసకే కదా, మనమూ పెడదాం అన్నాడు. పేరు అంతర్జాతీయ బీచ్ ఫుట్‌బాల్ చాంపియన్‌షిప్. సముద్రమే లేని చోట బీచ్ ఏమిటని కొందరు నవ్వారు. అంతర్జాతీయం ఎట్లా అవుతుందంటే, కువైట్ నుంచి సెలవు మీద వచ్చిన మనవాళ్ళు ఒక జట్టు కట్టారు, దాని పేరు కువైట్. వాళ్ళు ఎడారిలో ఉండొచ్చిన వాళ్ళు కాబట్టి నేరుగా క్వాలిఫై. తక్కిన వాళ్ళకు మాత్రం ఒక షరతు పెట్టాడు. ప్రతి జట్టూ తన సొంత ఊళ్ళో, సొంత ఇసకలో ఒక ఆట ఓడిపోకుండా ఆడాలి. అప్పుడే పెన్నకు రావాలి. బ్రెజిల్ వాళ్ళకంటే మనదే పద్ధతైన పోటీ అని ఆయన మైకులో చెప్పుకున్నాడు.

జనం ఊరికే ఉంటారా! కలిగిరి వాళ్ళు వాగులో కంపచెట్లు కొట్టి చోటు చేసుకున్నారు. మర్రిపాడు జట్టులో సగం లారీల వాళ్ళే కాబట్టి వాళ్ళకు ఇసక లెక్కే కాదు. ఉదయగిరిలో కొండ కింద అంతా ఎర్ర గరుసు. వాళ్ళు లారీలతో ఇసక తోలించి నేలంతా పరిచి, ఇది మా సొంత ఇసకే అని దబాయించి ఆడారు, క్వాలిఫై అయ్యారు.

మా అన్న వెళ్ళి మా ఊరి పేరు ఇచ్చాడు. నేను పక్కనే ఉన్నాను.

"కాలనీ అని ఇయ్యిరా," అన్నాడు మైక్‌సెట్ ఆయన.

"కాలనీ మా ఊరు కాదు."

"ఊరే లేదు గదరా మీకు!"

"ఉండాది. నీళ్ళల్లో ఉండాది."

ఆయన నవ్వలేదు, పాపం. మెల్లిగానే చెప్పాడు. "మరి సొంత ఊళ్ళో ఒక ఆట ఆడాల గదా. యాడ ఆడతావు?"

"నీళ్ళు తగ్గితే ఆడతా. నువ్వు మైకులో మా ఊరి పేరు చెప్తే చాలు నాకు. ఒక్కసారి చెప్పు, కప్పు ఎవురికన్నా ఇచ్చుకో."

అన్నకు కావలసింది అదొక్కటే. రేషన్ కార్డులో కాలనీ, బస్సు కండక్టరు నోట్లో కాలనీ, పెళ్ళి పత్రికల్లో కాలనీ. మా ఊరి పేరు బయటివాడి నోట గట్టిగా వినబడి ఏళ్ళయిపోయింది. దాని కోసం మనిషి నిద్రాహారాలు మానుకున్నాడు. పొద్దున ట్రాక్టరెక్కేముందు సోమశిల నుంచి వచ్చే చేపలవాళ్ళ కోసం రోడ్డు మీద కాచుకుని, నీళ్ళు ఎంతవరకు దిగాయని అడిగేవాడు. మా ఇంటి వాకిట్లోనే కాలనీ వాళ్ళను కూడగట్టి జట్టు తయారుచేశాడు. నన్ను గోలులో నిలబెట్టాడు. "నీకు ఉలుకూ లేదు పలుకూ లేదు, బంతి మీదికొచ్చినా కన్ను ఆర్పవు. నీకంటే మంచి కీపరు యాడ దొరుకుతాడు?" అన్నాడు. అది పొగడ్తో తిట్టో నేను ఆలోచించలేదు.

ఎండలు ముదిరాక ఊరు తేలిందని కబురు వచ్చింది. మా మీదికి ఆటకు వచ్చే జట్టు ఉదయగిరి అని చీటీల్లో తేలింది. వాళ్ళు లారీలో, మేము అన్న ట్రాక్టరులో బయలుదేరాము. చెప్పకుండానే నాయన వచ్చి ట్రాలీలో ఒక మూల కూచున్నాడు. పాత తారు రోడ్డు ఒకచోట నీళ్ళలోకి దిగి మళ్ళీ అవతల ఎక్కుతుంది. అక్కడ బండ్లు ఆపి, బీటలు తీసిన బురద నేల మీద నడుచుకుంటూ పోయాము.

ఊరు అని చెప్పుకోవడానికి అక్కడ ఏమీ లేదు. ఇసకా ఒండ్రూ కలిసి మోకాలెత్తు గోడలను కూడా పూడ్చేసి, అంతా ఒకే చదును. గవ్వలు, చిరిగిన వలలు, ఎండిన నాచు వాసన. మావాళ్ళు మాత్రం పండక్కి వచ్చినట్టు పరుగులు పెట్టారు. "ఇది మా ఇల్లు," అంటాడొకడు. "కాదురా, ఇది చర్చి, మీ ఇల్లు ఆ పక్క," అంటాడు ఇంకొకడు. కొట్టుకునేదాకా పోయింది. అన్న నన్ను చెయ్యి పట్టుకుని తీసుకుపోయి ఒకచోట నిలబెట్టి, "ఇదే మన వసారా. ఇక్కడే గోలు పాతుతా. నీ ఇంట్లో నువ్వు నిలబడి కాపలా కాయి," అన్నాడు. నేను సరేనన్నాను. అది మా వసారానో, వేరేవాళ్ళ గొడ్లచావిడో నాకు తెలియలేదు. తెలిసినా తేడా ఉండేది కాదు. కాలి కింద ఇసక వేడిగా ఉంది. అది ఒక్కటే నాకు తెలిసింది.

నాయన మిట్ట మీదికి ఎక్కాడు. సమాధుల రాళ్ళు అక్కడక్కడా పైకి కనిపిస్తున్నాయి. అమ్మది ఏదో కనుక్కున్నట్టున్నాడు, దాని పక్కన మాకు వీపు పెట్టి కూచున్నాడు. ఆట అయ్యేదాకా ఒక్కసారి కూడా ఇటు తిరగలేదు.

గోళ్ళకు సర్వి కట్టెలు పాతి ఆట మొదలుపెట్టాము. ఆట అనకూడదు దాన్ని, తొక్కులాట. పైన ఎండిన పొర, కింద మెత్తని ఒండ్రు. పరిగెత్తితే కాలు చీలమండ దాకా దిగబడుతుంది. బంతి పడ్డచోటే కూరుకుపోతుంది. ఉదయగిరి కెప్టెన్ ఒక సాయిబు, లారీ డ్రైవరు, మంచి ఆటగాడు. ఒక్కడే బంతి తీసుకుని నా మీదికి వచ్చాడు. నేను కదలలేదు. తన్నబోయి బొక్కబోర్లా పడ్డాడు. లేచి ముఖం మీది బురద తుడుచుకుంటూ, "ఏంది భాయ్, మీ ఊరు కాళ్ళు పట్టుకుంటా ఉండాది!" అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. అన్న కూడా నవ్వాడు. నవ్వుతూనే చొక్కా ఎత్తి కళ్ళు తుడుచుకున్నాడు.

ఎవరూ గోలు వేయలేదు. ఓడిపోలేదు కాబట్టి క్వాలిఫై. మావాళ్ళు ఒకరి మీద ఒకరు దొర్లారు. అన్న పిడికెడు ఇసక గుడ్డలో మూటగట్టుకున్నాడు. "నువ్వూ తీసుకోరా," అన్నాడు. "ఏం చేసుకోను?" అన్నాను. అతను నా వైపు చూసిన చూపు బాగాలేదు.

పెన్నలో పోటీ రోజు వచ్చింది. ఆత్మకూరు నుంచి ఏటికి దూరం కాబట్టి, జనం కోసం మైక్‌సెట్ ఆయన జీపుకు మైకు కట్టించి బస్టాండు చుట్టూ తిప్పాడు. ఏటికి తీసుకుపోవడానికి ఊరికే ట్రాక్టర్లు పెట్టాడు. మేము జీపు వెనకే నిలబడి విన్నాము. మైకులో మా ఊరి పేరు వచ్చింది. అదీ ఒకసారి కాదు, ఆయన గొంతెత్తి మళ్ళీ మళ్ళీ చెప్పాడు. మా ఊరికీ కువైట్‌కీ మొదటి ఆట, ట్రాక్టర్లు ఎదురుచూస్తున్నాయి, ఎక్కండి ఎక్కండి అని. అన్న అక్కడే బస్టాండు గోడకు ఆనుకుని చిన్నపిల్లాడి మాదిరి ఏడ్చాడు. జట్టంతా అతన్ని పట్టుకుని ఏడ్చింది. నేను నీళ్ళ క్యాను మోసుకుని ట్రాక్టరెక్కాను.

ఇసకలో ఆట మొదలు కాబోతోంది. నేను గోలులో నిలబడ్డాను. ట్రాక్టరు జనాన్ని దించి పోయాక, ఒక ముసలామె చంకలో సంచి పెట్టుకుని గీత దాటి నేరుగా మైదానంలోకి వచ్చింది. ఎవరో అరిచారు, ఆమె పట్టించుకోలేదు. దగ్గరికి వచ్చాక గుర్తుపట్టాను. మా ఊళ్ళో మా ఎదురింటి అవ్వ. ఊరు ఖాళీ చేశాక కలిగిరిలో కూతురి దగ్గర ఉంటోందని విన్నాను. కంటికి పచ్చగుడ్డ కట్టి ఉంది, ఆత్మకూరు ఆసుపత్రికి వచ్చినట్టుంది.

నా ముఖం దగ్గరికి ముఖం పెట్టి, "ఎవురి బిడ్డవు నాయనా?" అంది. చెప్పాను. నా గడ్డం పుణికింది.

"మనోళ్ళంతా వచ్చేసినారా? నేను బస్టాండులో కలిగిరి బస్సు కోసం కూచోని ఉంటి. జీపొచ్చి మన ఊరి పేరు పిలిచినారు. ట్రాక్టరెక్కమన్నారు. ఎక్కేసినా. నా బిడ్డకు చెప్పను కూడా లేదు."

నాకు అర్థం కాలేదు. ఆమె చుట్టూ చెయ్యి చాపింది.

"అంతా ఇసక మేటేసినట్టుండాదే. ఇండ్లు మళ్ళీ కట్టుకోవాల్నా? కట్టుకుందాంలే. మా ఇంటి చోటు యాడరా? ఒక కన్ను కానరాదు, నువ్వు చూపిచ్చు."

అప్పుడు తెలిసింది నాకు. ఊరు ఖాళీ చేయించినప్పుడూ ఇంతే. జీపొచ్చింది, మైకులో ఊరి పేరు పిలిచారు, ట్రాక్టర్లు ఎక్కమన్నారు. అప్పుడు పిలిచి తీసుకుపోయినవాళ్ళు ఇప్పుడు పిలిచి తిరిగి తీసుకొస్తున్నారని ఆమె అనుకుంది. ఎందుకనుకోదు? మా ఊరి పేరు మైకులో వినబడటం ఆ రోజు తర్వాత మళ్ళీ ఇదే.

"అవ్వా, ఇది మన ఊరు కాదు," అన్నాను. "పెన్న. ఆట పెట్టినారు. బంతాట."

ఆమె గోలు కట్టెలను తడిమి చూసింది. తర్వాత కోపం లేకుండానే అడిగింది.

"ఆటకైతే ఊరి పేరు ఎందుకు పిలిచినార్రా?"

అక్కడే ఇసకలో కూలబడి భోరుమని ఏడ్చాను. కోళ్ళ గంప మోసిన రోజు రానిది, అమ్మ సమాధి దూరం నుంచి చూసినప్పుడు రానిది, అంతా ఒక్కసారే వచ్చింది. అవ్వ కంగారుపడి పక్కన కూచుని కొంగుతో నా ముఖం తుడవసాగింది. ఈల ఊదారు. అన్న మైదానం నడిమి నుంచి నా పేరు పెట్టి అరుస్తున్నాడు, మొద్దోడని కాదు, అసలు పేరు. నేను లేచి అవ్వ సంచి అందుకుని, ఆమె చెయ్యి పట్టుకుని ట్రాక్టర్ల వైపు నడిచాను. వెనక గోలు ఖాళీగా ఉంది. కువైట్ వాళ్ళు బంతి లోపలికి తన్నారు, జనం కేకలు వేశారు. అవ్వ తిరిగి చూడబోతే, "చీకటి పడకముందే కలిగిరి బస్సు పట్టుకుందాం పా అవ్వా, నీ బిడ్డ ఎదురుచూస్తా ఉంటాది," అన్నాను.