రోమ్‌లో నేను అన్న ‘పో’

చలికాలమంతా అమెరికాలో, మోరిస్‌విల్‌లోని మా అపార్ట్‌మెంట్‌లో ఎవరికీ చెప్పకుండా పుస్తకం ముందేసుకుని ఇటాలియన్ నేర్చుకున్నాను. రోమ్‌లో ఒక్క మాటైనా మాట్లాడాలని నా ఆశ. తీరా వచ్చాక ఫౌంటెన్ దగ్గరా, పాత కోట దగ్గరా నా రూమ్మేటే ముందుకెళ్లి అందరితో ఇంగ్లీషులో మాట్లాడేసింది. నేను నోరు తెరిచేలోపే పని అయిపోయేది.

సాయంత్రం ఐస్‌క్రీమ్ కొట్లో తను ఫోటోలు చూసుకుంటుండగా, కొట్టు పెద్దావిడ నా వైపు తిరిగి, ఇటాలియన్ వచ్చా అని ఇటాలియన్‌లోనే అడిగింది.

“ఉన్ పో,” అన్నాను. కొంచెం వచ్చని అర్థం.

రూమ్మేట్ ఉలిక్కిపడింది. “ఏందే, ఆంటీని పట్టుకొని పో అంటవ్? సారీ ఆంటీ, సారీ!”

నవ్వాపుకుంటూ అర్థం చెప్పాను.

“దొంగమొహమా, ఎప్పుడు నేర్చుకున్నవే? అయితే ఆర్డర్ నువ్వే చెయ్. నాకు పిస్తా,” అంటూ నన్ను ముందుకు నెట్టింది.

పిస్తాను ఇటాలియన్‌లో ఏమంటారో ఎంతకీ గుర్తు రాలేదు. వేలితో చూపించాను. పెద్దావిడ నవ్వి ఆ మాట మెల్లగా పలికింది. నా చేత కూడా పలికించాకే గరిటె ముంచింది.