దొరసాని పచ్చ ముఖమల్ గౌను

దొరసాని చనిపోతూ తన పెళ్ళినాటి పచ్చ ముఖమల్ గౌను పనిమనిషి అర్సులాకి రాసిచ్చింది. పనిమనిషి ముఖమల్ తొడుక్కుంటే చట్టం ఒప్పుకోదు, లండన్‌లో ఇరుగుపొరుగు అంతకన్నా ఒప్పుకోరు. అందుకని అందరు పనివాళ్ళూ చేసేదే అర్సులా కూడా చేసింది. నది అవతలి నాటకాలవాళ్ళకి అమ్మేసింది.

తప్పని ఎవరూ అనలేదు, దొరసాని కొడుకు, చిన్నదొర ఆంబ్రోజ్ నాటకానికి వెళ్ళేదాకా. అతను అర్సులా చేతుల్లో పెరిగినవాడు. ఆ రోజు నాటకశాలలో జూడిత్ కూడా ఉంది. ఆమెను పెళ్ళాడాలని అతనికీ, పక్క జమీందారు కొడుకు రోలాండ్‌కీ ఏడాదిగా పోటీ. రంగం మీదికి మొగుణ్ణి మోసగించే ఇల్లాలి వేషం వచ్చింది, ఒంటిమీద పచ్చ ముఖమల్‌తో. రోలాండ్ ఆ గౌనుని పోల్చుకుని, జూడిత్ వినేలా అన్నాడు:

"ఏమోయ్ ఆంబ్రోజ్, మీ అమ్మగారు వేంచేశారే! ఇవాళ ఎవరితో లేచిపోతారట?"

ఆంబ్రోజ్ చేతితొడుగు తీసి వాడి మొహాన కొట్టాడు. తెల్లారితే కత్తులతో తేల్చుకుందామన్నారు.

సంగతి అర్సులా చెవిన పడింది. ఆంబ్రోజ్‌కి పాటలు కట్టడం వచ్చుగానీ కత్తి తిప్పడం ఎక్కడొచ్చు? వద్దు బాబూ అని కాళ్ళు పట్టుకుంది. ఇంటి పరువన్నాడు, వినలేదు. దొరల పరువు లెక్కలు అర్సులాకి కొట్టినపిండి. కళ్ళు తుడుచుకుని తిన్నగా రోలాండ్ ఇంటికే పోయింది. ఆపుదామని ఆంబ్రోజ్ వెనకాలే వచ్చాడు. ఇద్దరి ముందూ చేతులు కట్టుకుని చెప్పింది:

"ఆ గౌను దొరసానిది కాదు బాబూ, నాది. అమ్మిందీ నేనే. తమరు వెక్కిరించిందీ నన్నే. పనిమనిషి పరువు కోసం దొరలు కత్తులు దూస్తే ఊరు నవ్వదూ?"

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. నిజానికి ఇద్దరికీ ప్రాణం మీద తీపే. రోలాండ్ ముందు నవ్వాడు. "అయితే ఆ రంకులాడివి నువ్వేనన్నమాట!" ఆంబ్రోజ్ కూడా ఊపిరి పీల్చుకుని నవ్వేశాడు.

జూడిత్ చివరికి ఆంబ్రోజ్‌నే చేసుకుంది. పెళ్ళి విందులో రోలాండ్ ద్రాక్షసారా గిన్నె ఎత్తి, అర్సులాని చూపించి ఆ మాటే మళ్ళీ అన్నాడు. బల్లంతా ఘొల్లుమంది, అందరికన్నా గట్టిగా పెళ్ళికొడుకు. జుట్టు నెరిసినా ఏ మగాడితోనూ పేరు కలవని మనిషి ఆమె. పేదవాడి కోపం పెదవికి చేటు. పెదవి బిగించి చిన్నదొర గిన్నెలో మళ్ళీ ద్రాక్షసారా పోసింది. బతికున్నాడు, అంతే చాలనుకుంది. అయినా ఆ బల్ల దగ్గర నడుముకి కత్తి లేని మగాడు లేడు. ఒక్కడి చెయ్యీ దానిమీదికి పోలేదు.