ఫారంలో గడి లేని వైరస్

మా మాస్టారు పోయారని మొన్న ఉదయం భావనపాడు నుంచి ఆయన మేనల్లుడు ఫోన్ చేశాడు. నిద్రలోనే గుండె ఆగిందట. మా పట్టణపు మురుగునీటి శుద్ధి కేంద్రం ల్యాబులో నాకు పని నేర్పింది ఆయనే. సాయంత్రం సంతాపసభలో మా పెద్దసారు ఆయన నిబద్ధత గురించి పది నిమిషాలు మాట్లాడితే నాకు ఒళ్లు మండిపోయింది. బతికున్నప్పుడు ఆ మనిషి మాట ఒక్కటైనా చెవిన పెట్టారా?

ఆయన మత్స్యకారుల ఇంట పుట్టారు. ఇంట్లో చేపలు మోసిన ఐసుపెట్టెనే శుభ్రంగా కడిగి నీటి శాంపిళ్లకు వాడేవారు. నేను ముక్కు మూసుకుంటే, "సేపల కంపులో పుట్టినోడికి ఇదో కంపేటి" అని నవ్వేవారు. తనిఖీ ఉన్న రోజు క్లోరిన్ దండిగా పోసి, పదకొండింటికి తీరిగ్గా శాంపిల్ పట్టడం మావాళ్ల అలవాటు. ఆయన మాత్రం తనిఖీ లేని రోజున, ఊరంతా స్నానాలు చేసి మురుగు ఎక్కువగా వచ్చే వేళకే శాంపిల్ పట్టడానికి కాలువ గట్టున ఉండేవారు.

చేరిన కొత్తలో, శుద్ధయిన నీటిలో బ్యాక్టీరియా లేదని సంబరంగా చెప్పాను. ఆయన ఒక గాజు పళ్లెం నా ముందు పెట్టారు. దాన్నిండా ఆయన పెంచిన బ్యాక్టీరియా తెల్లగా పొర కట్టి ఉంది. మేము శుద్ధి చేసిన నీటి చుక్క పడిన చోటల్లా ఆ పొరకు చిల్లులు.

"బ్యాక్టీరియా సచ్చిపోనాది, సరే. దాన్ని తినే వైరస్ బతికే ఉన్నాది, సూడు. ఇది దాటొచ్చినాక, కామెర్లు తెచ్చేది దాటి రాదని ఎవుడు సెప్తాడు? కింద ఊరోలు ఈ నీలే తాగుతారమ్మా."

ఇదే పెద్దసారుకు చెబితే, పరీక్ష ఫలితాలు రాసే ఫారంలో దానికి గడి లేదన్నారట. గడి లేకపోతే నీళ్లలో వైరస్ లేనట్టేనా? మాస్టారు వారం వారం ఆ చిల్లులు లెక్కపెట్టి ఫారం అంచున రాశారు. అంచున ఉన్నది వదిలేసి టైపు కొట్టడం ఇక్కడి పద్ధతి. వైరస్‌ను చంపే అతినీలలోహిత దీపాలు పెట్టించమని అర్జీ పెట్టారు. రిటైరయ్యేదాకా జవాబు లేదు. ఆయన వెళ్లిన నెలకే, ఆ పళ్లేలు వెచ్చగా ఉంచే పెట్టెలో భోజనం క్యారియర్లు పెట్టుకోవడం మొదలైంది. నేను చూస్తూ ఊరుకున్నాను.

నిన్న పొద్దున్నే, మా కేంద్రం నీళ్లు వదిలే ఏట్లోకి దిగాను. మా నీళ్లు కలిసే చోటుకి కాస్త కిందగా, ఇసుకలో చెలమ తీసి ఒకావిడ బిందె నింపుతోంది. ఈ నీళ్లు తాగొద్దని చెప్పాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"నీలు మంచియేనని మీ ఆఫీసోలే కాయితం అంటించినారు గదమ్మా."

పంచాయతీ గోడ మీది ఆ కాయితం నాకు తెలుసు. దాని కింద సంతకం నాది. ఆమె బిందె చంకనెత్తుకుని, ఇసుక మీద నీళ్లు తొణుకుతుంటే, గట్టెక్కి ఇంటికి వెళ్లిపోయింది.