చెవి అందితే రోలర్ కోస్టర్

ఇదొక మహా వీరగాథ కావాల్సింది. వీరుడికి ఎత్తులంటే భయం కాబట్టి కాలేదు.

కాకినాడ నుంచి గద్వాలలో మిత్రుడింటికి వెళ్లినప్పుడు, వాళ్లక్క కూతురు శిరీష నన్ను జాతరలోని చిన్న రోలర్ కోస్టర్ దగ్గరికి లాక్కెళ్లింది. పిల్లల ఎత్తు చూడడానికి గీసిన గీత పాప తలకు అందలేదు. బతికిపోయాననుకుని, పైకి మాత్రం "అయ్యో" అన్నాను.

"జర ఆగు సారూ," అన్నాడు దాన్ని నడిపే పెద్దమనిషి. "పాపా, నెత్తి మీదికెళ్లి చెయ్యి పెట్టి అవతలి చెవు పట్టు."

పట్టేసింది.

"గిట్ల అందితే బడిలనే చేర్చుకుంటరు. నేను ఎక్కియ్యనా?"

పాప పక్కన కూర్చుని, కళ్లు మూసుకుని, కేకలు పెట్టాను.

"మామా, ఎందుకు ఒర్లుతున్నవ్? బండి ఇంక కదలనే లేదు!"

గద్వాలలో ఆ వేళకు రోజూ కరెంటు కోతట.