బండి ఆగితే ఆగిపోయే ఫ్రిజ్

నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఉన్న నర్మద దుకాణానికి బోర్డు లేదు. ఆమె బండ్ల కరెంటు పని బాగా చేస్తుందని ఆటోల వాళ్లకూ వ్యాన్ల వాళ్లకూ తెలుసు. ఆమెతో ఒక చిక్కు ఉందనీ తెలుసు. కారణం దొరకనిదే ఏ సామానూ మార్చదు. "మార్చి పారెయ్ అక్కా, గిరాకీ పోతుంది" అని డ్రైవర్లు తొందరపెడితే, "ఎందుకు కాలిందో తెల్వకుంటే కొత్తది గూడ గట్లనే కాలుతది" అంటుంది. మోటార్లు చుట్టే తండ్రి బీరయ్య దగ్గర ఆమె పని నేర్చింది. తీగ చుట్టడం ఆయన నేర్పాడు. ఆ తీగలో ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి ఆమె ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత భౌతికశాస్త్ర పుస్తకాలు ఏరుకునేది.

దసరా వెళ్లిన వారంలో గన్‌ఫౌండ్రీ నుంచి లక్ష్మణరావు ఆమెను పిలిపించాడు. బ్యాంకు ఉద్యోగం నుంచి విరమించాక ఆయన కారు వెనక తగిలించుకుని తిరిగే చిన్న ట్రైలర్ ఒకటి కొన్నాడు. లోపల రెండు పడకలు, పొయ్యి, బ్యాటరీతో నడిచే ఫ్రిజ్. మర్నాడు భార్య జానకితో అరకు ప్రయాణం. ఫ్రిజ్ మాత్రం మొరాయిస్తోంది. జానకి ఇన్సులిన్ అందులోనే ఉండాలి.

"ఐసు డబ్బాలో పెడదామంటే వినదమ్మా," అన్నాడాయన.

"పోయినసారి మీ ఐసుకు మందు గడ్డకట్టింది. ఫ్రిజ్ నడిస్తేనే బండెక్కుతాను. లేదా, మీరూ మీ బండీ కలిసి వెళ్లిరండి!" అంది జానకి.

నర్మద బ్యాటరీకి మీటరు పెట్టింది. పన్నెండు వోల్టులు దాటి చూపించింది. ఫ్రిజ్ వేస్తే ఒక్కసారి గుర్రుమని ఆగిపోయింది.

"మీటరు మీద బాగనే ఉంది గని బరువు పడంగనే కూలుతుంది. బ్యాటరీ సచ్చినట్టుంది సార్," అని, పరీక్షకు దుకాణం నుంచి మంచి బ్యాటరీ తెప్పించి తగిలించింది. ఫ్రిజ్ మళ్లీ గుర్రుమని ఆగింది. నర్మద ముఖం వెలిగింది.

"తప్పయితే నవ్వుతావేంటమ్మాయ్?" అంది జానకి.

"బ్యాటరీ గాదని తేలింది గదమ్మా. ఇప్పుడే జర మజా వస్తుంది. ఇది ఎప్పుడన్న సక్కగ నడిచిందా?"

"నిన్న ట్యాంక్‌బండ్ దాకా లాక్కెళ్తే దారంతా నడిచింది," అన్నాడు లక్ష్మణరావు. "ఇంటికొచ్చి కారు విప్పానో లేదో, ఆగింది."

నర్మద కాసేపు ఆ మాటనే పట్టుకుని ఆలోచించింది. కారు తగిలించి ఉన్నప్పుడు కరెంటు కారు తీగల నుంచి వచ్చి, తిరిగి కారుకే పోతుంది. అప్పుడు నడిచిందంటే ఫ్రిజ్ మంచిదే. బ్యాటరీ నుంచి కరెంటు వెళ్లే తీగను పరీక్షిస్తే అదీ బాగుంది. ఇక మిగిలింది తిరిగొచ్చే దారి. ఈ బండిలో కరెంటు తీగ వెంట కాక, అడుగున ఉన్న ఇనుప చట్రం గుండా బ్యాటరీకి తిరిగొస్తుంది. ఆమె మీటరు ఒక కొసను బ్యాటరీ నెగెటివ్‌కు, రెండోదాన్ని చట్రం మీద గీకిన చోట ఆనించి, "ఫ్రిజ్ వెయ్యున్రి సార్," అంది. సున్నా దగ్గర ఉండాల్సిన ముల్లు రెండున్నర వోల్టులకు లేచింది.

"దొరికింది! వాపసొచ్చే తొవ్వల అడ్డముంది," అంది నర్మద.

బ్యాటరీ తీగను చట్రానికి బిగించే బోల్టు పసుపు కుంకుమల కింద దాక్కుని ఉంది. నర్మద పానా ఎత్తి ఆగింది.

"ఆయుధపూజ బొట్టమ్మా. మీ చేత్తోనే తుడవున్రి."

జానకి దండం పెట్టుకుని తుడిచింది. బోల్టు విప్పితే కింద నిగనిగలాడే ఆకుపచ్చ రంగు. పూజకు ముందు బండి మొత్తానికి రంగు వేయించింది జానకే. పాత రంగు ఎక్కడా కనపడకూడదని చెప్తే, పెయింటరు బోల్టు తీసి, దాని చోటుకూ రంగు పూసి, మళ్లీ బిగించి వెళ్లాడు. ఆ రంగు పొర కరెంటుకు అడ్డుపడుతోంది.

"నీ ముచ్చటే ముంచిందన్నమాట," అన్నాడు లక్ష్మణరావు.

"అప్పుడు పెళ్లికూతురిలా ఉందని మురిసిపోయిందెవరో?"

ఇనుము మెరిసే దాకా నర్మద ఉప్పుకాగితంతో రుద్ది, తీగ బిగించింది. ముల్లు సున్నాకు వాలింది. ఫ్రిజ్ ఈసారి ఆగలేదు.

అయినా జానకి వెంటనే మందు పెట్టలేదు. థర్మామీటరు లోపల పెట్టి, ముగ్గురికీ టీ కలిపి తెచ్చింది. చల్లదనం నిలకడగా ఉందని తేలేదాకా నర్మద కూడా కదల్లేదు. అప్పుడు జానకి ఇన్సులిన్ డబ్బాను ఫ్రిజ్ మధ్య అరలో పెట్టి, తలుపు నొక్కి మూసింది.

"చూస్తారేం? నా చీరల పెట్టె పట్టుకురండి," అంది భర్తతో.